జనవరి సీటుకు జూన్‌లోనే ఫైలు తెరవండి

మా అమ్మాయికి ఇంజనీరింగ్ చివరి ఏడాది ఒక సబ్జెక్టు మిగిలిపోయింది. సప్లిమెంటరీ రాసి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికందేసరికి ఆగస్టు వచ్చింది. తోటివాళ్లు అప్పటికే అమెరికా విమానాలెక్కుతున్నారు. ఒక ఏడాది పోయిందని ఇంటిల్లిపాదీ దిగులుపడ్డాం. కానీ అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఆగస్టులో ఫాల్, జనవరిలో స్ప్రింగ్ అని రెండుసార్లు చదువు మొదలవుతుంది. ఆ జనవరిలోనే ఆమె ఎం.ఎస్.లో చేరింది.

నేను నరసరావుపేటలో బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఎందరో పిల్లల విద్యారుణాల ఫైళ్లు ఈ చేతుల మీదుగా వెళ్లాయి. అయినా సొంత బిడ్డ విషయంలో పరుగులు తప్పలేదు, ఎందుకంటే మేము మొదలుపెట్టిందే ఆగస్టులో. ప్రొవిజనల్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అప్పటివరకు ఉన్న మార్కుల మెమోలతో దరఖాస్తు తీసుకుని, చేరేనాటికి డిగ్రీ చూపిస్తే చాలనే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. జూన్‌లోనే ఫైలు తెరవండి.

ముందుగా తేల్చుకోవలసింది, మీ బ్రాంచికి జనవరిలో ప్రవేశం ఉందా అన్నది. యూనివర్సిటీ స్ప్రింగ్ దరఖాస్తులు తీసుకుంటున్నా, ఆ డిపార్టుమెంటు తీసుకోకపోవచ్చు. నేరుగా డిపార్టుమెంటుకే మెయిలు రాసి అడగండి. మొదటి సెమిస్టరులో చదవవలసిన ముఖ్యమైన కోర్సులు జనవరిలో చెబుతారా, లేక ఆగస్టులోనే మొదలవుతాయా అన్నదీ ఆ మెయిల్లోనే అడగాలి. యూనివర్సిటీలోనే పనిచేస్తే జీతమో ఫీజు రాయితీో ఇచ్చే అసిస్టెంట్‌షిప్పులు ఎక్కువగా ఆగస్టులోనే పంచేస్తారు కనుక జనవరిలో చేరేవారు వాటిపై ఆశపెట్టుకుని ఖర్చు లెక్క వేయకూడదు. ఇంకొకటి: చదువులో భాగంగా కంపెనీలో పనిచేసే సీపీటీ అనుమతికి మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం గడవాలి. జనవరిలో చేరినవారికి మొదటి వేసవి నాలుగైదు నెలల్లోనే వచ్చేస్తుంది. ఆ వేసవి ఇంటర్న్‌షిప్పు దాదాపు లేనట్టే, రెండో వేసవికి సిద్ధం కావాలి. అప్పు తీర్చే లెక్కలో తల్లిదండ్రులు దీన్ని మరచిపోతారు.

ఇక అప్పు సంగతి. వీసాకు కావలసిన ప్రవేశ పత్రాన్ని ఐ-20 అంటారు. ఆస్తి విలువ ఎంత ఉన్నా ఐ-20 ఇవ్వడానికి యూనివర్సిటీకి పనికిరాదు. మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా ఖాతాలో నిల్వ గానీ, రుణం మంజూరైనట్టు బ్యాంకు ఇచ్చే సాంక్షన్ లెటరు గానీ చూపాలి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో మామూలు పద్ధతిలో 7.5 లక్షలు దాటితే తనఖా అడుగుతారు. తనఖా అంటే ఆస్తి చేతులు మారిన పాత లింకు దస్తావేజులు, ఆస్తిపై నమోదైన లావాదేవీలు చూపే ఈసీ, లాయరు గారి లీగల్ ఒపీనియన్, ఇంజనీరు వాల్యుయేషన్. జనవరి పిల్లలకు ఈ పనంతా సరిగ్గా దసరా, దీపావళి సెలవుల మధ్య పడుతుంది. మా ఇల్లు అప్పటికీ కీర్తిశేషులైన మా నాన్నగారి పేరునే ఉంది. ఆయన మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అన్నదమ్ముల సంతకాలు సంపాదించడానికే ఐదు వారాలు పట్టింది. ఊళ్లోవాళ్లకు ఇవన్నీ చెప్పినవాణ్ణి, నా ఇంటి కాగితం ముప్ఫై ఏళ్లు చూసుకోలేదు. మీరు ఈ రోజే బీరువా తెరిచి దస్తావేజు ఎవరి పేరున ఉందో చూడండి.

ఇంకో మాట: బ్యాంకు నుంచి తీసుకున్న విద్యారుణంతో ఫీజు పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్, అంటే విదేశాలకు పంపే సొమ్ముపై బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను, లేదు. సొంత డబ్బు అయితే ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తంపై పడుతుంది. రిటర్ను వేసి దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, ఆ రోజుకు చేతిలో ఉండాలి.

పేరు కూడా చూసుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే బ్యాంకు ఆగిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరున్న చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఆ పిల్ల అక్కడ ప్రతి కార్యాలయంలోనూ ఆ మూడక్షరాలను వివరించుకోవాలి.

ఐ-20 అందగానే అమెరికా ప్రభుత్వ విద్యార్థుల నమోదు వ్యవస్థ అయిన సెవిస్ రుసుము 350 డాలర్లు కట్టి, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపి, వీసా ఇంటర్వ్యూ స్లాటు వెతకండి. సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులను కోరుతున్నారు. ఆగస్టులో స్లాటు దొరక్క సీటును జనవరికి మార్చుకున్నవారు కొత్త తేదీతో ఐ-20 తెప్పించుకోవాలి. అదే సెవిస్ నంబరు కొనసాగితే రుసుము మళ్లీ కట్టనక్కర్లేదు. నంబరు మారితే పాత చెల్లింపును కొత్త నంబరుకు బదిలీ చేయమని అడగండి. వీసా తిరస్కరించినా, 12 నెలల లోపు అదే రకం వీసాకు మళ్లీ వెళితే ఆ సెవిస్ రుసుమే చెల్లుతుంది.

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడి యూనివర్సిటీ కార్యాలయాల్లో చాలావరకు మూతబడి ఉంటాయి. అడగవలసినవన్నీ డిసెంబరు 15 లోపే అడగండి. ఐ-20లో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజులకన్నా ముందు దేశంలోకి రానివ్వరు. గది విషయంలో మాత్రం జనవరి పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది: డిసెంబరులో చదువు ముగించినవారు ఖాళీ చేసే గదులు దొరుకుతాయి. మిగిలిన నెలల లీజు మీ పేరుకు మార్చడానికి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే అడ్వాన్సు పంపండి.

ఐ-20, పాస్‌పోర్టు, అసలు మెమోలు, సాంక్షన్ లెటరు చేతిసంచిలోనే ఉండాలి, చలికోటు కూడా. మా అమ్మాయి సూట్‌కేసులు రెండు రోజులు ఆలస్యంగా చేరాయి. దిగిన రాత్రి బయట మంచు కురుస్తోంది. ఆ కోటు ఒంటిమీద ఉందని ఫోనులో విన్నాకే వాళ్లమ్మ అన్నం ముట్టింది. సంక్రాంతికి ఇంకా తొమ్మిది రోజులుంది.