చర్మపు గడ్డకు ముందు వేరుశెనగ నూనె, తర్వాతే యాంటీబాడీలు

మా బరంపురం ల్యాబుకు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి వచ్చే ఫారాల మీద తరచూ ఒక్క ముక్కే ఉంటుంది: 'చర్మం మీద కాయ'. మిగతాది మనమే ఫోన్ చేసి అడగాలి. చలికి సలుపుతుందంటే లియోమయోమా (నున్నటి కండరపు గడ్డ) అనుమానం పెట్టుకోండి.

మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ రంగులో చూస్తే ఈ గడ్డలన్నిట్లో స్పిండిల్ కణాలే, అంటే కదురులా పొడుగ్గా ఉండేవే. న్యూక్లియస్ మెలికలు తిరిగి, మధ్యన మాస్ట్ కణాలు (అలర్జీలో పాల్గొనే కణాలు) ఉంటే న్యూరోఫైబ్రోమా, అంటే నరపు గడ్డ. చుట్టలా బారుగా, కొసలు మొద్దుగా ఉంటే లియోమయోమా. అంచుల్లో కొలాజెన్ (పీచు ప్రోటీన్) కట్టలు ఇరుక్కుని, పైన ఎపిడెర్మిస్ (చర్మపు పై పొర) మందమైతే డెర్మటోఫైబ్రోమా, అంటే చర్మపు పీచు గడ్డ. కండరమా కాదా అని తేలకపోతే మాసన్ ట్రైక్రోమ్ రంగు వెయ్యండి: కండరం ఎరుపు, కొలాజెన్ నీలం.

పైన ఎపిడెర్మిస్ పలచబడి, దాని కింద ఖాళీ పట్టీ కనిపిస్తే మాత్రం ఆగండి. 1963లో వేడ్ అనే కుష్ఠు నిపుణుడు వర్ణించిన హిస్టాయిడ్ కుష్ఠు (గడ్డల్లా వచ్చే కుష్ఠు రకం) అచ్చం డెర్మటోఫైబ్రోమాలా నటిస్తుంది. మన జిల్లాల్లో దాన్ని మరిచిపోవడానికి వీల్లేదు. దీనికి కుష్ఠు బ్యాసిలస్‌ను ఎర్రగా చూపే ఫైట్ స్టెయినే వెయ్యాలి. క్షయకు వేసే మామూలు జీల్-నీల్సన్ స్టెయిన్‌లో లెప్రా (కుష్ఠు) బ్యాసిలస్ పైనున్న మైనపు పొర నిలవదు.

ఫైట్ స్టెయిన్‌కు మేం రెండు పాళ్ల జైలీన్‌కు (మైనం కరిగించే ద్రావకం) ఒక పాలు వేరుశెనగ నూనె కలుపుతాం. కొత్త కుర్రాళ్లు నవ్వుతారు గానీ, ఆ పొరను కాచేది ఆ నూనే. సెక్షన్‌ను (పలచగా కోసిన ముక్కను) అందులో 12 నిమిషాల చొప్పున రెండుసార్లు ఉంచి, అద్దుడు కాగితంతో ఒత్తి, ఆల్కహాల్ తగలనీకుండా నేరుగా నీళ్లలోకి. తర్వాత కార్బోల్ ఫుక్సిన్, 5 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్, మిథిలీన్ బ్లూ. చివర్లోనూ ఆల్కహాల్ వద్దు, గాలికి ఆరనివ్వండి. పక్కన తెలిసిన పాజిటివ్ స్లైడు తప్పనిసరి. హిస్టాయిడ్ అయితే ఎర్రటి పుల్లల్లాంటి బ్యాసిలస్‌లు కణం పొడవునా బారులు తీరి ఉంటాయి, వెతుక్కునే పనే ఉండదు.

ఫైట్ నెగటివ్ వచ్చాకే బ్లాకును (మైనంలో పోసిన ముక్కను) ఇమ్యునోకు, అంటే యాంటీబాడీలతో వేసే స్టెయిన్లకు పంపండి. ఎస్-100 నరపు గడ్డలకు, ఎస్ఎంఏ, డెస్మిన్ కండరానికి, ఫ్యాక్టర్ 13ఏ డెర్మటోఫైబ్రోమాకు. స్లైడు రాగానే గడ్డను కాదు, పక్కనున్న మామూలు కణజాలాన్ని చూడండి: ఎస్-100 చిన్న నరానికి, ఎస్ఎంఏ రక్తనాళం గోడకు పట్టకపోతే ఆ నెగటివ్‌ను నమ్మొద్దు. స్పిరిట్ సీసాలో వచ్చిన ముక్కలతో ఈ తంటా ఎక్కువ.

సీడీ34 అనే యాంటీబాడీ కూడా అడగండి. అది గడ్డంతా గట్టిగా పట్టి, కణాలు కింది కొవ్వులోకి పాకితే డీఎఫ్‌ఎస్‌పీ (డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యుబెరన్స్ అనే చర్మ క్యాన్సర్) అన్నమాట, మామూలు గడ్డ కాదు. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా సర్జన్‌కు ఫోన్ చెయ్యండి.