వీఆర్ ట్రెడ్‌మిల్ కొనాలా? ముందు మీ ఇబ్బంది ఏదో తేల్చుకోండి

మియాపూర్‌లో మా ఫ్లాట్ చిన్న గదిలో రెండేళ్లుగా ఒక వీఆర్ ట్రెడ్‌మిల్ ఉంది. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని గేమ్ లోపలే ఉన్నట్టు ఆడటం. అందులో మన కాళ్లతోనే నడిచేందుకు వాడేది ఈ ట్రెడ్‌మిల్. స్నేహితుడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్తూ, అంత బరువు మోసుకెళ్లలేక సగం ధరకు నాకు ఇచ్చేశాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాన్ని చూసి "ఇది కొనొచ్చా?" అని అడుగుతారు. నేను "ఇప్పుడు నీకున్న ఇబ్బంది ఏంటి?" అని తిరిగి అడుగుతాను. ఎందుకంటే ఈ యంత్రం బాగా తీర్చే సమస్య ఒక్కటే. మిగతావాటికి చాలా తక్కువ ఖర్చుతో అయ్యే దారులున్నాయి.

ఇళ్లకు అమ్మేవాటిలో చాలావరకు మోటార్ ఉండదు. నున్నటి గిన్నెలాంటి పళ్లెం, జారే అడుగున్న బూట్లు, నడుం దగ్గర పట్టి ఉంచే బెల్టు ఉంటాయి. మీరు ముందుకు అడుగేస్తే కాలు వెనక్కి జారుతుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. బూట్లకు, నడుముకు ఉన్న సెన్సర్లు ఆ కదలికను లెక్కగట్టి గేమ్‌కు పంపుతాయి. గేమ్ దృష్టిలో అది చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీది జాయ్‌స్టిక్‌ను (బొటనవేలితో కదిపే చిన్న పుల్లను) ముందుకు తోసినట్టే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పేవి సగం వాటంతటవే అర్థమవుతాయి.

కొనకముందు

సమస్య: గేమ్‌లో నాలుగడుగులు వేసేసరికి గోడ తగులుతోంది.

కారణం చెప్పనక్కర్లేదు. గేమ్‌లో ఊరంత చోటుంది, మన గది పదడుగులే.

ట్రెడ్‌మిల్ పుట్టిందే దీనికోసం. స్కైరిమ్ వీఆర్, ఫాల్అవుట్ 4 వీఆర్ లాంటి, గంటలకొద్దీ తిరిగే గేమ్స్ ఆడేవాళ్లకు ఇది నిజంగా వేరే అనుభవం. కొండ దారిలో పది నిమిషాలు నడిచి ఊరు చేరితే, ఆ దూరం కాళ్లకు తెలుస్తుంది. జాయ్‌స్టిక్‌తో అది ఎప్పటికీ రాదు. మీరు ఆడేవి ఇలాంటివే అయితే, వారానికి మూడు నాలుగు గంటలు ఆడే అలవాటు ఇప్పటికే ఉంటే, డబ్బు ఇబ్బంది లేకపోతే కొనండి.

అదే బీట్ సేబర్ లాంటివి ఆడేవాళ్లయితే వద్దు. అందులో నడకే లేదు. బెల్టు కట్టుకుంటే వంగడానికి, పక్కకు తప్పుకోవడానికి ఇంకా అడ్డం.

మధ్యలో ఊగిసలాడుతుంటే ముందు నేచురల్ లోకోమోషన్ అనే సాఫ్ట్‌వేర్ ప్రయత్నించండి. నిలబడిన చోటే చేతులు ఊపుతూ కాళ్లు కదిపితే గేమ్‌లో నడుస్తారు. నెల రోజులు అలా ఆడాక కూడా నడక కావాలనిపిస్తే అప్పుడు ట్రెడ్‌మిల్ గురించి ఆలోచించవచ్చు. నెలలోపే విసుగొస్తే లక్షలు మిగిలినట్టే.

లక్షలని ఊరికే అనలేదు. అమెరికాలో టెక్సస్‌కు చెందిన వర్చువిక్స్ కంపెనీ తన వీఆర్ ట్రెడ్‌మిల్ ఓమ్ని వన్‌ను హెడ్‌సెట్‌తో కలిపి 3,495 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. మన లెక్కలో దాదాపు మూడు లక్షలు. షిప్పింగ్, కస్టమ్స్ సుంకం దానిపైన. చైనా కంపెనీ క్యాట్ వీఆర్ అమ్మే క్యాట్ వాక్ సీ2 రకాలు దీనికంటే తక్కువకు వస్తాయి గానీ, రవాణా, సుంకం వాటికీ తప్పవు. పాత సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. ఇదే వర్చువిక్స్ 2013లో, వస్తువు తయారవకముందే జనం నుంచి డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 11 లక్షల డాలర్లకు పైగా సేకరించింది. 2016 చివర్లో మాత్రం అమెరికా బయటి ఆర్డర్లను రద్దు చేసి డబ్బు తిరిగిచ్చింది. అంత పెద్ద, బరువైన సరుకును దేశదేశాలకు పంపడం, అక్కడ సర్వీసు ఇవ్వడం కుదరదని తేలింది. కాబట్టి డబ్బు కట్టే ముందే అడగండి: సెన్సర్ పాడైతే ఇండియాకు పంపుతారా? బూట్లు అరిగితే విడిగా దొరుకుతాయా? జవాబు రాతలో తీసుకోండి.

సమస్య: జాయ్‌స్టిక్‌తో కదిలితే కడుపులో తిప్పుతోంది. ట్రెడ్‌మిల్ కొంటే పోతుందా?

కారణం: కళ్లకు కదులుతున్నట్టు కనిపిస్తోంది, లోపలి చెవిలోని సమతూకపు అవయవం మాత్రం ఉన్నచోటే ఉన్నామంటోంది. ఆ రెండిటికీ పొత్తు కుదరక వికారం వస్తుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో ఫోన్ చూస్తే వచ్చేదీ ఇలాంటిదే, కాకపోతే తిరగేసి.

ట్రెడ్‌మిల్ మీద కాళ్లు కదులుతాయి కాబట్టి కొందరికి తగ్గుతుంది. కానీ మనిషి ముందుకు జరగడం లేదు గనక లోపలి చెవి ఇంకా అదే మాట చెబుతుంది. పైగా మనం ఆగిన తర్వాత ఒక్క క్షణం గేమ్ ఇంకా నడుస్తుంటే, ఆ చిన్న ఆలస్యమే కడుపులో తిప్పుతుంది. మా తమ్ముడికి జాయ్‌స్టిక్‌తో ఏమీ కాదు, దీని మీద ఐదు నిమిషాలకే ముఖం తెల్లబడింది. అందుకే వికారం పోతుందన్న ఒక్క ఆశతో కొనకండి.

ముందు చేయాల్సినవి: గేమ్ సెట్టింగ్స్‌లో కదిలేటప్పుడు అంచులు చీకటయ్యే ఆప్షన్ ఆన్ చేయండి. గ్రాఫిక్స్ తగ్గించైనా ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు మారతాయో ఆ లెక్క) నిలకడగా ఉంచండి. ముఖానికి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఆ గాలి వల్ల ఎటు తిరిగామో ఒంటికి తెలుస్తుంది. తిప్పడం మొదలైన మరుక్షణం హెడ్‌సెట్ తీసేయండి. ఓర్చుకుని ఆడితే అలవాటవుతుందనుకోవడం పొరపాటు. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, బాగున్న రోజే పెంచాలి.

సమస్య: బరువు తగ్గాలి, జిమ్‌కు వెళ్లబుద్ధి కాదు.

ఇక్కడ కాస్త కఠినంగానే చెబుతాను. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ కారణంతోనే అడుగుతారు.

జిమ్‌కు వెళ్లబుద్ధి కాకపోవడానికి నడిచే యంత్రం లేకపోవడం కారణం కాదు కదా. విసుగు, టైం లేకపోవడం, నలుగురిలో మొహమాటం, ఇవీ కారణాలు. వీటికి హెడ్‌సెట్ ఒక్కటే చాలు. థ్రిల్ ఆఫ్ ది ఫైట్ అనే బాక్సింగ్ గేమ్ మూడు రౌండ్లు ఆడండి, టీషర్ట్ పిండుకోవాలి. దానికి కావాల్సింది ఓ చాప వేసుకునేంత చోటు. ట్రెడ్‌మిల్ మీద మాత్రం బెల్టు మన బరువును కొంత మోస్తుంది. గేమ్‌లో ఆగి తలుపులు తీస్తూ, పెట్టెలు వెతుకుతూ గడిపే సమయమూ ఎక్కువే. గంట ఆడితే గంట నడిచినట్టు కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతోంది. మీరు చేసేది ఆ స్థాయిలో ఉందో లేదో తెలియాలంటే తేలికైన పరీక్ష ఉంది. ఆడుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా కూనిరాగం తీయగలుగుతున్నారంటే అది ఆట మాత్రమే. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఎక్కాలి.

సమస్య: ఇంట్లో మామూలు ట్రెడ్‌మిల్ ఉంది, దాని మీదే హెడ్‌సెట్ పెట్టుకుంటే?

వద్దు. మోటార్‌తో తిరిగే బెల్టు మీ కళ్లు ఎక్కడున్నాయో పట్టించుకోదు. గేమ్‌లో పక్కకు చూసి అటు అడుగేశారంటే కింద పడతారు.

కొన్నాక

సమస్య: నడక ఎబ్బెట్టుగా ఉంది, పిక్కలు పట్టేస్తున్నాయి, నడుం లాగుతోంది.

మొదటి రోజు నేను పావుగంట ఆడి దిగితే, మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తప్పు యంత్రానిది కాదు, నా నడకది. నేలమీద నడిచినట్టే కాలెత్తి, మడమ ముందు ఆనించాను. జారే పళ్లెం మీద మడమ ఆనగానే కాలు ఎటో పోతుంది. పడిపోతామేమోనని ఒళ్లంతా బిగుసుకుంటుంది. ఆ బిగువే పిక్కల్లో, నడుంలో దిగుతుంది.

హెడ్‌సెట్ పెట్టుకోకుండా బెల్టు కట్టుకుని నిలబడండి. నడుంతో బెల్టును కొంచెం ముందుకు తోయండి, తోపుడు బండిని కదిలించేటప్పుడు వంగినంత చాలు. ఇప్పుడు కాలెత్తకుండా, తడినేలను పాదంతో తుడిచినట్టు వెనక్కి లాగండి. ఒక కాలు వెనక్కి వెళ్తుంటే రెండోది ఊరికే ముందుకొస్తుంది. బూటు కింద "సుయ్"మని ఒకే తీరు చప్పుడు రావాలి. టక్‌టక్ అని వస్తే ఇంకా కాలెత్తుతున్నట్టే. రోజుకు పది నిమిషాల చొప్పున నాకు ఐదు రోజులు పట్టింది. ఆ తర్వాత నడక గురించి ఆలోచించడం మానేశాను.

చప్పుడు సరిగానే ఉన్నా ఒక కాలు ఆగి ఆగి జారుతుంటే, బూటు అడుగున చూడండి. మా ఇంట్లో ప్రతిసారీ దొరికేది పొడుగాటి తలవెంట్రుక, దుమ్ముతో కలిసిన నూలుపోగు. పొడిగుడ్డతో పళ్లెం, బూట్లు తుడిచి ఎక్కండి. కొబ్బరినూనె, పౌడర్ లాంటివి పొరపాటున కూడా వేయొద్దు. మాన్యువల్‌లో ఏది రాశారో అదే వాడాలి.

సమస్య: నేరుగా నడుస్తుంటే గేమ్‌లో పక్కకు పోతున్నాను.

రెండు కారణాలు. కొద్దికొద్దిగా, సమయం గడిచేకొద్దీ పక్కకు పోతుంటే సెన్సర్ దిశ తప్పుతోంది. నేరుగా ముందుకు చూస్తూ నిలబడి మళ్లీ కాలిబ్రేషన్ (సెన్సర్లకు సరైన దిశ గుర్తుచేయడం) చేయండి, నడుం సెన్సర్ బెల్టు మీద ఊగుతోందేమో చూడండి. తల తిప్పినప్పుడో చెయ్యి తిప్పినప్పుడో మాత్రమే దారి మారుతుంటే అది సెట్టింగ్. హాఫ్-లైఫ్: అలిక్స్ అనే గేమ్‌లో తల చూసిన వైపు నడవడం ఒక ఆప్షన్, చెయ్యి చూపిన వైపు నడవడం ఇంకో ఆప్షన్. గేమ్‌లో ఏది పెట్టారో ట్రెడ్‌మిల్ సాఫ్ట్‌వేర్‌లోనూ అదే పెట్టాలి.

అసలు నడకే రాకపోతే, గేమ్ టెలిపోర్ట్‌లో (నడవకుండా, చూపించిన చోటికి ఒక్కసారిగా దూకే పద్ధతిలో) ఉందేమో చూసి, ఆగకుండా నడిచే పద్ధతికి మార్చండి. టెలిపోర్ట్ తప్ప ఇంకేమీ లేని గేమ్స్‌కు మందు లేదు. కంప్యూటర్ లేకుండా హెడ్‌సెట్‌లోనే ఆడాలంటే కొన్ని యంత్రాలకు వేరే పరికరం కావాలి. క్యాట్ వీఆర్ దాన్ని నెక్సస్ పేరుతో అమ్ముతుంది.

సమస్య: సీలింగ్ ఫ్యాన్.

దీని గురించి నన్ను ఎవరూ హెచ్చరించలేదు. మా గది ఎత్తు 9.5 అడుగులు, ఫ్యాన్ రెక్కలు 8.5 అడుగుల దగ్గర తిరుగుతాయి. నేను 5 అడుగుల 9 అంగుళాలు. చెయ్యెత్తితే ఏడున్నర అడుగుల దాకా వెళ్తుంది. పళ్లెం ఎత్తు ఇంకో 8 అంగుళాలు, ఆపైన చేతిలో కంట్రోలర్. ఒకరోజు గేమ్‌లో పైనున్న నిచ్చెన అందుకోబోయాను. కంట్రోలర్ పగిలింది, అదృష్టం కొద్దీ వేళ్లు మిగిలాయి. ఫ్యాన్ ఊడదీయించి గోడ ఫ్యాన్ పెట్టించాను. మీరు కొలత తీసేటప్పుడు నేలమీద వెడల్పు ఒక్కటే చూడకండి. ఇంట్లో అందరికంటే పొడుగువాళ్లను పీట ఎక్కించి, చేతిలో కర్ర పెట్టి, పైకి చాపమనండి.

కింది ఫ్లాట్ వాళ్లకు చప్పుడు వినిపిస్తే జిమ్‌లో వేసే మందపాటి రబ్బరు మ్యాట్లు వేయండి. రాత్రి తొమ్మిది దాటాక ఆపేయండి. ఎండాకాలంలో లెన్స్‌కు ఆవిరి పడుతుంది, ఏసీ వేసి పది నిమిషాలయ్యాక ఎక్కితే ఆ బాధ ఉండదు.

సమస్య: రెండో నెల నుంచి ఎక్కబుద్ధి కావడం లేదు.

నాకూ జరిగింది. ఆట మీద మోజు తగ్గిందనుకున్నాను. ఒకరోజు గడియారం పెట్టి చూసుకుంటే, బూట్లు వెతికి, మూడు సెన్సర్లకు చార్జింగ్ పెట్టి, బెల్టు బిగించి, కంప్యూటర్ ఆన్ చేసేసరికి 25 నిమిషాలు. ఆఫీసు నుంచి వచ్చినవాడికి ఆ ఓపిక ఎక్కడుంటుంది? ఇప్పుడు సెన్సర్లన్నీ ఒకే చోట, దిగిన వెంటనే చార్జింగ్‌లో ఉంటాయి. బూట్లు పళ్లెం మీదే వదిలేస్తాను. బెల్టు కొలతల దగ్గర మార్కర్‌తో గీతలు పెట్టాను. ఆరు నిమిషాల్లో గేమ్‌లో ఉంటాను.

ఇవన్నీ చేశాక కూడా రెండు నెలలు దుమ్ము పడితే అమ్మేయండి, మనసులో బెంగ పెట్టుకోవద్దు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మాత్రం బేరం ఆడే ముందు ఆ బూట్లు మీ కాలికి పడతాయో లేదో తొడిగి చూడండి. నాకు స్నేహితుడిచ్చినవి ఒక సైజు చిన్నవి. కొత్త జత తెప్పించడానికి ఏడు వారాలు పట్టింది.