మృగశిర రాకముందే పెరటి తోటకి ప్లాన్ వేసుకోవడం ఎలా?

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది తొలకరి పడ్డాకే విత్తనాల కోసం పరిగెడతారు. అప్పటికి గెత్తం (పశువుల ఎరువు) తడిసి ముద్దయిపోతుంది, నేల గునపానికి అంటుకుంటుంది. తవ్వకం, కొలతలు అన్నీ రోహిణి కార్తెలోనే, అంటే మే 25 నుంచి జూన్ మొదటి వారం లోపే అయిపోవాలి.

1. ముందు నీడ చూడండి

కాగితం మీద పెరడు బొమ్మ గీసి, ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తినే ఉంటాడు, గోడ నీడ లెక్కలోకి రాదు. డిసెంబరుకి దక్షిణానికి వాలిపోతాడు. అప్పుడు పదడుగుల గోడకి మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు తొమ్మిదడుగుల దాకా నీడ పడుతుంది. ఇప్పుడు ఎండ మండిపోతోంది కదా అని అక్కడే చలికాలపు టమాటాకి చోటు ఉంచితే అది కాయదు. ఇంటికి ఉత్తరాన పెరడున్నవాళ్లు గోడ పక్క భాగాన్ని పసుపు, అల్లం, పుదీనాకి వదిలేయండి. బీర, ఆనప పందిరి ఎప్పుడూ పెరటికి ఉత్తరపు అంచునే వేయాలి.

2. నీళ్లు నిలుస్తాయా?

మోకాలి లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు తెల్లారికీ అలాగే ఉంటే పాదులన్నీ జానెడు ఎత్తు మట్టి దిబ్బల మీదే పెట్టాలి.

3. గెత్తం

మాగిన గెత్తం చేత్తో నలిపితే పొడిగా రాలుతుంది, పేడ కంపు ఉండదు. పచ్చిపేడ వేస్తే చెదలు పడతాయి. పాదుకి ఒక గంప, గుప్పెడు వేపపిండి చాలు.

4. విత్తనం మొలుస్తుందా?

తడిగుడ్డలో పది గింజలు మూటకట్టి నీడలో ఉంచండి, గుడ్డ ఆరనివ్వొద్దు. వారంలో ఏడెనిమిది మొలిస్తే మంచి విత్తనమే. నాటు ఆనప గింజల కోసం కొట్టుకి వెళ్లక్కర్లేదు, పక్కింటి పిన్నిని అడిగినా ఇస్తుంది. హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజలు మాత్రం దాచుకోవద్దు. మళ్లీ అదే కాయ వస్తుందన్న గ్యారంటీ లేదు.

5. ఎప్పుడు ఏది

వంగ నారు మే చివర్లోనే పోయండి, నెల రోజులకి నాటుకోవచ్చు. బీర, ఆనప, కాకర, బెండ, గోంగూర తొలకరికి. తోటకూర ఒకేసారి చల్లేస్తే అంతా ఒక్కసారే ముదిరిపోతుంది. పది రోజులకో మడి చొప్పున చల్లండి. పందిరి చిక్కుడు కూడా జూన్, జూలైలోనే పెట్టాలి, కాకపోతే పగటి పొద్దు తగ్గాకే పూత వస్తుంది. ఆగస్టులో పువ్వు లేదని టెన్షన్ పడి తీగ పీకేయకండి.

6. గాలికి నిలిచే పందిరి

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. రెండూ అక్టోబరు రెండో వారమే. అందుకే తొలకరికి పెట్టిన బీర నాకు ఇష్టం, గాలివానల రోజులకి కాపు చాలావరకు చేతికొచ్చేస్తుంది. చిక్కుడు అలా కాదు, అప్పుడే పందిరి నిండా అల్లుకుని ఉంటుంది. సరుగుడు గెడల్ని రెండడుగుల లోతున పాతి, నాలుగు మూలలా తాడుతో లాగి కట్టండి. పందిరి తల ఎత్తు దాటనివ్వొద్దు. ఎత్తు పెరిగితే గాలి ఎక్కువ తగులుతుంది, కాయ కోయడానికి స్టూలూ కావాలి.