పాత బోర్డో సీసా: కొనే ముందు, తెరిచే ముందు జాగ్రత్తలు

పాతికేళ్లు దాటిన, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్ కొనేటప్పుడు లేబుల్ కంటే ముందు సీసా మెడ చూడండి. 1996 నాటి పోయాక్ (బోర్డోలోని ఒక ఊరి వైన్) అయితే వైన్ మెడ అడుగు దాకానో, మెడ కింద సీసా వెడల్పయ్యే భుజం పై అంచు దాకానో ఉండటం ఆ వయసుకు మామూలే. భుజం మధ్యకు దిగిందంటే బిరడా పట్టు సడలి గాలి చేరి ఉండొచ్చు. ధర ఎంత తగ్గించినా వద్దు.

బిరడా పైకి పొడుచుకొచ్చినా, మూతి మీది రేకు కింద జిగట కారినా వేడి తగిలిందేమోనని అనుమానించాలి. నిల్వ ఎక్కడ చేశారో అడగండి. 12–14 డిగ్రీల చీకటి గది కావాలి.

ప్రయాణం చేసొచ్చిన సీసాను రెండు మూడు వారాలు కదపకండి. తెరిచే ముందు కనీసం 24 గంటలు, వీలైతే 48, నిలువుగా ఉంచండి. టానిన్లు (ద్రాక్ష తొక్క, గింజల్లోని వగరు పదార్థాలు), రంగు పదార్థాలు కలిసి ఏర్పడిన మడ్డి అడుగుకు దిగాలి, లేదంటే గ్లాసులో చేదు, గరగర.

పాత బిరడా మెత్తబడి ఉంటుంది. బిరడా తీసే మామూలు మర తిప్పితే పొడైపోతుంది, బిరడా పక్కల్లోకి దించి లాగే రెండు రేకుల పట్టుకర్ర నయం. డికాంటర్ అనే గాజు పాత్రలోకి సన్నని ధారగా వంచుతూ, మెడ కింద దీపం పెట్టి మడ్డి కనబడగానే ఆపేయండి. చివరి 30–50 మిల్లీలీటర్లు వదులుకోవాల్సిందే.

గంటలకొద్దీ గాలికి పెట్టొద్దు, పాత వైన్ సువాసన త్వరగా ఆరిపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, ఆరబెట్టినా పోదు.

16–18 డిగ్రీల్లో వడ్డించండి. మన వేసవి గది వేడిలో ఆల్కహాల్ ఘాటే ముక్కుకు తగులుతుంది. పక్కన గోంగూర మాంసం పెట్టారా, వైన్ ఊసే తెలియదు. ఉప్పు, మిరియాలతో కాల్చిన వేట మాంసం చాలు.