టాస్క్ మేనేజర్‌లో తెలియని ఈఎక్స్‌ఈ కనిపిస్తే

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే విండోస్‌లో ఇప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్‌ల (ఈఎక్స్‌ఈ ఫైళ్ల) జాబితా చూపే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ఎన్నడూ వినని పేరు కనపడగానే గూగుల్‌కు పరుగెత్తకండి. పేరు చూసి మంచీచెడూ తేల్చే సైట్లు చాలావరకు ఏదో క్లీనర్‌ను అంటగట్టేవే. ఫైలుకు ఏ పేరైనా పెట్టొచ్చు. అది ఎక్కడుంది, దాని మీద డిజిటల్ సంతకం (తయారీదారు వేసే ముద్ర) ఎవరిది అన్నవే చూడాలి.

డీటెయిల్స్ ట్యాబ్‌లో పేరు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. ఎస్‌వీసీహోస్ట్.ఈఎక్స్‌ఈ సంగతే చూద్దాం. ఇది జాబితాలో పదుల కొద్దీ ఉన్నా కంగారు పడక్కర్లేదు. విండోస్ సర్వీసులు, అంటే తెర వెనక నడిచే పనులు, దీని కడుపులోనే నడుస్తాయి. విండోస్ 10 1703 వెర్షన్ నుంచి, 3.5 జీబీ మించి ర్యామ్ ఉంటే చాలా సర్వీసులకు విడివిడిగా ఒక్కోటి నడుస్తుంది. అసలుది ఉండేది సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32లో, 32-బిట్‌ది సిస్‌వావ్64లో. టెంప్, యాప్‌డేటా లాంటి ఫోల్డర్లలో ఉందంటే దొంగదే అనుకోండి. స్పెల్లింగూ చూడండి: వీసీ బదులు సీవీ, ఓ బదులు సున్నా పెట్టి ఏమారుస్తారు. అలాగని యాప్‌డేటాలో ఉన్నవన్నీ చెడ్డవి కావు, డిస్కార్డ్ అనే చాట్ యాప్ ఉండేది అక్కడే.

మళ్లీ డీటెయిల్స్ ట్యాబ్‌లో కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో కమాండ్ లైన్ (ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టిన ఆదేశం) టిక్ పెట్టండి. అసలు ఎస్‌వీసీహోస్ట్ వెనక -కె, ఆపైన గ్రూపు పేరు ఉంటాయి. ఖాళీగా కనిపిస్తే టాస్క్ మేనేజర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి.

ఇక సంతకం. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ లేదని అనుమానించకండి. చాలా విండోస్ ఫైళ్ల సంతకం ఫైల్లో కాక విడిగా క్యాటలాగ్ అనే మరో ఫైల్లో ఉంటుంది. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఆథెంటికోడ్‌సిగ్నేచర్ అని కొట్టి, ఫైల్ దారి (అది ఉన్న చోటు) ఇస్తే స్టేటస్ దగ్గర వ్యాలిడ్ అని రావాలి. ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్‌లో ఉండే కంపెనీ పేరును మాత్రం నమ్మొద్దు, అది ఎవరైనా రాసుకోవచ్చు.

ఇంకా తేలకపోతే పవర్‌షెల్‌లోనే గెట్-ఫైల్‌హ్యాష్ అని కొట్టి ఫైల్ దారి ఇవ్వండి, ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ వస్తుంది. వచ్చిన 64 అక్షరాలను, ఫైళ్లను చాలా యాంటీవైరస్ ఇంజిన్లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్ సెర్చ్‌లో అతికించండి. ఫైలునే అప్‌లోడ్ చేస్తే అది ఇతరుల చేతికీ వెళ్తుంది, ఆఫీసుదైతే అసలే వద్దు. ఒకటి రెండు ఇంజిన్లే తప్పుబడితే పొరపాటు కావచ్చు. పదీ పదిహేను పట్టుకుంటే ఇక అనుమానమక్కర్లేదు, అది చెడ్డదే. ఫలితమే రాలేదంటే ఫైల్ శుభ్రమని కాదు, ఇంకా ఎవరూ అక్కడికి పంపలేదని.

దొంగదని తేలాక ఎండ్ టాస్క్ కొట్టి ఊరుకుంటే, స్టార్టప్ నుంచో టాస్క్ షెడ్యూలర్ నుంచో మళ్లీ లేస్తుంది. నెట్ తీసేసి, విండోస్ సెక్యూరిటీ స్కాన్ ఆప్షన్స్‌లోని డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్టవుతుంది కాబట్టి తెరిచిన పనులు ముందే సేవ్ చేసుకోండి.