కాంక్రీటు అక్విడక్టు, 5వ పాఠం: పియర్లు 20 మీటర్లకా, 30కా?

అక్విడక్టు అంటే కాలువ నీటిని నది మీదుగా దాటించే వంతెన. ఈసారి దాని ట్రఫ్ (నీరు పారే తొట్టి) గోడల సంగతి పూర్తిగా చెబుతానన్నాను. అది కాస్త ఆగాలి. పియర్ల (ట్రఫ్‌ను మోసే స్తంభాల) మధ్య దూరం, అంటే స్పాన్, ఎంతైతే మొత్తం ఖర్చు తక్కువ అన్న పోయినసారి లెక్కకు ఎక్కువమంది 20 మీటర్లని రాశారు. జవాబు 30. తప్పు నాదీ ఉంది. పైభాగం (ఒక స్పాన్ ట్రఫ్) ఖర్చు పియర్ ఖర్చుకు సమానమైన చోట స్పాన్ చవక అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను.

లెక్క మళ్లీ చూడండి. పునాదితో కలిపి ఒక పియర్‌కు ఖర్చు 900 యూనిట్లు. మీటరు ట్రఫ్‌కు 25 యూనిట్లు, దాని మీద స్పాన్ ఎన్ని మీటర్లయితే అన్ని యూనిట్లు. 20 మీటర్లకు పైభాగం (25+20)×20 = 900. సరిపోయిందని మీరు అక్కడే ఆగారు. నాకు చిర్రెత్తుకొచ్చేది ఇక్కడే. ఆ 25 నీళ్లు పట్టే అడుగు పలకకూ పక్క గోడలకూ అయ్యే ఖర్చు. స్పాన్ 10 అయినా 50 అయినా అది కట్టాల్సిందే. మరి స్పాన్ తేల్చడంలో దానికేం పని? పియర్‌తో తూచాల్సింది స్పాన్‌తో పాటు పెరిగే భాగాన్నే: 30×30 = 900.

నమ్మకం కుదరకపోతే మీటరు ఖర్చు వేసి చూడండి. 20 దగ్గర 25+20+45 = 90, ఆ 45 మీటరుకు పడే పియర్ వాటా, 900÷20. 30 దగ్గర 25+30+30 = 85. 25 దగ్గర 86, 35 దగ్గర 86కు కాస్త లోపే. 30కి అటూ ఇటూ పెద్ద తేడా లేదు కాబట్టి నేనైతే దశాంశాల జోలికి పోను. ఒకే సెంట్రింగ్ సెట్టు (కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే తాత్కాలిక చట్రం) ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగే స్పాన్ పట్టుకుంటాను.

స్పాన్‌తో పెరిగే ఖర్చును తగ్గించాలంటే పక్క గోడలనే దూలాలుగా వాడుకోండి, కింద వేరే గర్డర్లు అక్కర్లేదు. నీరు అంచుదాకా నిండినట్టు లెక్కేయాలని మళ్లీ చెప్పను. 4 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు నీరంటే మీటరుకు 8 టన్నులు. అది గోడ నెత్తిన కూర్చోదు, అడుగు పలక ద్వారా గోడ కింది అంచును పట్టుకుని వేలాడుతుంది. ఒక్కో గోడకు 4 టన్నులు, పలక బరువు అదనం. షియర్‌కు (దూలాన్ని కోసేసే బలానికి) వేసిన ఇనుప రింగులే దీన్నీ మోస్తాయనుకోకండి. ఈ బరువును పైకి ఎత్తి పట్టే నిలువు ఇనుము విడిగా లెక్కేసి కలపాలి.

అభ్యాసం: పొడవు 1,200 మీటర్లు. సగం నది మధ్యలో, అక్కడ పియర్ 1,600 యూనిట్లు. సగం ఒడ్డున, అక్కడ 400. ట్రఫ్ ఖర్చు పైన చెప్పినట్టే. ఒక్కో సగానికి చవకైన స్పాన్ విడిగా పెట్టకుండా అంతటా 30 మీటర్లే పెడితే మొత్తం ఎంత నష్టం? ఎంతలోపు దొరికితే రెండో సెంట్రింగ్ సెట్టు కొనొచ్చు? ఈసారి ఆ 25ను ముట్టుకోకండి.