షుగర్ ఉన్నవారి పాదాలు: ఏ లక్షణం దేనికి సంకేతం, అప్పుడేం చేయాలి?

మామూలుగా నొప్పి పుడితే తప్ప ఎవరూ కాలి వంక చూడరు. షుగర్‌తో నరాలు మొద్దుబారితే ఆ నొప్పే రాదు. కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడకుండా రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, మడమలు, వేళ్ల సందులు ఒకసారి చూసుకోవాలి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి. చూపు మందగించినవాళ్లు ఇంట్లో ఎవరినైనా చూడమనాలి.

సమస్య: తిమ్మిర్లు, మంటలు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం

ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు కాళ్లకు వెళ్లేవే. షుగర్ ముందుగా వాటి చివర్లనే దెబ్బతీస్తుంది. అందుకే తిమ్మిరి రెండు కాళ్ల వేళ్ల దగ్గరా మొదలై పైకి పాకుతుంది. ఒక్క కాలికే ఉంటే నడుము దగ్గర నరం నొక్కుకుందేమో చూడాలి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవారిలో బి12 విటమిన్ తగ్గినా ఇలాగే ఉంటుంది, రక్తపరీక్షలో తెలిసిపోతుంది.

స్పర్శ ఎంత ఉందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకోండి. ఇంకొకరు రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకాలి. నొక్కకూడదు, గీరకూడదు. ఆరింటిలో రెండు తెలియలేదంటే స్పర్శ తగ్గినట్టే. డాక్టరు దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో, అంటే సన్నటి నైలాన్ తీగతో, ఇదే పరీక్ష పక్కాగా చేస్తారు. ఒక మాట: మందేమీ మార్చకుండానే మంటలు వాటంతటవే తగ్గిపోతే సంబరపడకండి. నరం పూర్తిగా మొద్దుబారి ఉండవచ్చు.

సమస్య: అరికాల్లో ఆనె

నరాలు దెబ్బతింటే పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు వంకరపోతాయి. బరువంతా ఒకేచోట పడి చర్మం గట్టిపడుతుంది. ఆ గట్టి చర్మం లోపలి కండను ఇంకా నొక్కుతుంది. ఆనె మధ్యలో నల్లగానో ఎర్రగానో మచ్చ కనిపిస్తే కింద రక్తం చేరిందని, చాలాసార్లు అప్పటికే లోపల పుండు పడిందని అర్థం.

బ్లేడుతో కోసుకోవద్దు. షాపులో దొరికే ఆనె ప్లాస్టర్లూ వద్దు. వాటిలోని సాలిసిలిక్ యాసిడ్ పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. డాక్టరు చేత తీయించుకోండి, దాంతోపాటు చెప్పులూ మార్చండి. అవే చెప్పులు వేసుకుంటే మళ్లీ అక్కడే ఆనె లేస్తుంది.

సమస్య: మడమల పగుళ్లు, వేళ్ల సందుల్లో తెల్లగా నానడం

చెమట పట్టించే నరాలు పనిచేయక చర్మం ఎండిపోయి పగులుతుంది. యూరియా ఉన్న క్రీము రోజూ రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. అక్కడ తడి నిలిస్తే ఫంగస్ చేరుతుంది. కడిగాక సందులు తుడుచుకోండి, ఫంగస్ పట్టి ఉంటే దానికి మందు వాడండి. గంటల తరబడి నీళ్లలో నానబెట్టడం రెండింటికీ చెడే.

సమస్య: బొబ్బ, గాయం, మానని పుండు

శుభ్రమైన నీళ్లతో కడిగి, పొడి గాజుగుడ్డ కప్పి, ఆ రోజో మర్నాడో డాక్టరుకు చూపించండి. మానిందా లేదా అని వారం రోజులు చూడకండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే కొత్తగా కడుతున్న కండ కూడా దెబ్బతింటుంది.

నా దృష్టిలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కట్టు శ్రద్ధగా కట్టించుకుంటారు, యాంటీబయాటిక్ వేళకు వేసుకుంటారు, అదే కాలి మీద రోజంతా నడుస్తారు. అరికాలి పుండు మీద పడే ప్రతి అడుగూ కడుతున్న కండను నలిపేస్తుంది. బరువు తీసేయడమే అసలు వైద్యం. ఇందుకోసం పాదం నుంచి మోకాలి కింది దాకా ప్రత్యేకమైన కట్టు వేస్తారు, లేదా విప్పడానికి వీల్లేని బూటు ఇస్తారు. విప్పగలిగే బూటైతే ఇంట్లో విప్పేసి తిరుగుతారని డాక్టర్లకు తెలుసు!

సమస్య: ఒక పాదం ఎర్రగా, వేడిగా వాచింది, గాయం లేదు, పెద్దగా నొప్పీ లేదు

బెణికిందని, యూరిక్ యాసిడ్ అని పొరబడేది దీన్నే. షార్కో పాదం కావచ్చు. లోపల ఎముకలు విరుగుతున్నా నొప్పి తెలియక మనిషి నడుస్తూనే ఉంటాడు. చివరికి పాదం ఆకారమే మారిపోతుంది. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే రావచ్చు, దాన్ని చూసి ధైర్యపడకండి. రెండు పాదాల మీదా అరచేయి పెట్టి చూడండి. ఒకటి వేడిగా తగిలితే ఆ కాలు నేల మీద ఆనించడం ఆపి వెంటనే డాక్టరును కలవండి.

సమస్య: నడిస్తే పిక్క పట్టేయడం, రాత్రి కాలు నొప్పి, మంచం మీంచి కిందికి వేలాడేస్తే ఉపశమనం

రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. సిగరెట్ మానాలి, రక్తప్రసరణ పరీక్ష చేయించాలి. షుగర్‌లో రక్తనాళాలు గట్టిపడటం వల్ల చీలమండ దగ్గర తీసే బీపీ ఎక్కువగా కనిపించి, అంతా బాగుందనిపించవచ్చు. అప్పుడు బొటనవేలి దగ్గర కొలుస్తారు.

వేలు నల్లబడటం, చీము, దుర్వాసన, పాకుతున్న ఎరుపు, జ్వరం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: కొత్త చెప్పులు కరవడం

స్పర్శ తగ్గినవారికి బిగుతుగా ఉంటేనే సరిపోయినట్టు అనిపిస్తుంది, అందుకే చిన్న సైజు కొంటారు. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బిన వేళ, అట్ట మీద నిలబడి పాదం చుట్టూ గీసి కత్తిరించండి. ఆ అట్ట బూటులో మడత పడకుండా పట్టాలి, ముందు కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. వేసుకునే ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమండి. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగకండి.

పాదాలు బాగున్నా ఏడాదికోసారి డాక్టరుకు చూపించాలి. స్పర్శ పోతే 6 నుంచి 12 నెలలకోసారి, ఒకసారి పుండు పడి మానినవారు 1 నుంచి 3 నెలలకోసారి. లోపలికి వెళ్లగానే, అడగకముందే సాక్సులు విప్పేయండి. రిపోర్టు చూసి మందు రాసే హడావుడిలో పాదాల సంగతి ఇట్టే మరుగున పడుతుంది.